పాపను కింద దించండి

తొమ్మిది నెలల పాప ఉన్న ఇల్లు ఏదైనా ఒకటి చెప్పండి, ఆ పాప ఈ నిమిషాన ఎక్కడ ఉందో నేను చూడకుండానే చెబుతాను. ఎవరో ఒకరి చంకలో ఉంటుంది. కాకపోతే వాకర్‌లో ఉంటుంది. అదీ కాకపోతే బెల్టు బిగించిన ఊగే కుర్చీలో, లేదా మంచం మధ్యలో చుట్టూ పేర్చిన దిండ్ల నడుమ ఉంటుంది. నేల మీద మాత్రం ఉండదు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో నేల తళతళలాడుతూ ఉంటుంది, పూటపూటా తుడుస్తారు, దాని మీద పాకాల్సిన మనిషిని మాత్రం దిగనివ్వరు. పైగా ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ: కాళ్లకు బలం ఎప్పుడు వస్తుంది, అడుగులు ఎప్పుడు వేస్తుంది? ఆ బెంగతో కొనుక్కొచ్చే ప్రతి వస్తువూ బిడ్డను నేలకు ఇంకో జానెడు దూరం చేస్తుంది.

నడక రాకముందు బిడ్డ కాళ్లకు మనం చేయగలిగిన పెద్ద సాయం ఒక్కటే అని నా వాదన. పాదాలకు తొడిగినవన్నీ తీసేసి, కింద దించి, పక్కన కూర్చోవాలి. ఇందులో పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ ఇది సలహాలా వినపడదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు మియాపూర్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలి దగ్గర ఉంటున్నాను. మనిషి పాదంలో 26 ఎముకలు ఉంటాయని పిల్లల చేత రాయించి మార్కులు వేసేదాన్ని. పుట్టిన బిడ్డ పాదంలో అవి ఇంకా పూర్తిగా గట్టిపడిన ఎముకలు కావన్న సంగతి ఆ పాఠంలో లేదు. మడమ దగ్గరివి, వేళ్ల వైపు ఉండే పొడుగాటివి కొంత గట్టిపడి ఉంటాయి. నడిమి భాగమంతా దాదాపు మృదులాస్థే. పాదం లోపలి వంపును నిలబెట్టే ముఖ్యమైన ఎముక చాలామంది పిల్లల్లో నడక వచ్చిన తరువాతే గట్టిపడటం మొదలవుతుంది. ఆ వంపు ఉండాల్సిన చోట చంటిపిల్లలకు కొవ్వు పేరుకుని ఉంటుంది, అందుకే ఏ పసిపాదం చూసినా చదునుగా కనిపిస్తుంది. వంపు తేలేసరికి ఐదారేళ్లు పడుతుంది. ఏడాది నిండని బిడ్డకు చదును పాదాలంటూ కంగారుపడి ప్రత్యేకమైన బూట్ల కోసం తిరిగేవాళ్లను నేను చూశాను. అంత మెత్తటి పాదాన్ని బిగుతు సాక్సు ఎటు నొక్కితే అటు ఒదిగిపోతుంది. బిడ్డ ఏడ్చి చెబుతుందని నమ్మకం లేదు.

పాదం ఎలా పని నేర్చుకుంటుందో చూడాలంటే, పాప సోఫా పట్టుకుని లేచే వేళకు మీరూ నేల మీద బోర్లా పడుకోండి. ముఖం ముద్దుగానే ఉంటుంది, దాన్ని వదిలేసి పాదాన్ని చూడండి. ముందు రెండు మోకాళ్ల మీద నిలబడుతుంది. తరువాత ఒక మోకాలు ఎత్తి పాదాన్ని ముందుకు తెస్తుంది. చాలాసార్లు ఆ పాదం పక్కకు మడతపడి, పైభాగం నేలకు ఆనుతుంది. దాన్ని వెనక్కి లాక్కుని మళ్లీ పెడుతుంది. అరికాలు సరిగ్గా ఆనగానే ఐదు వేళ్లూ విచ్చుకుంటాయి. బొటనవేలు నేలను ఎంత గట్టిగా నొక్కుతుందంటే గోటి చివర తెల్లబడుతుంది. చీలమండ సన్నగా వణుకుతుంది, బరువు పాదం బయటి అంచుకు వెళ్లి మళ్లీ లోపలికి వస్తుంది, అప్పుడు తొడ బిగుస్తుంది, పాప లేస్తుంది. లేచిన తరువాత అసలు పని మొదలు. సోఫా పట్టుకుని పక్కకు జరగాలంటే ఒక కాలు ఎత్తాలి. అది ఎత్తాలంటే ఒంటి బరువంతా రెండో కాలి మీదకు తేవాలి. ఆ ఒక్క క్షణం తుంటి పక్కన ఉండే కండరాలు మొత్తం మనిషిని మోయాలి. సోఫా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లే ఆ రెండు గజాల ప్రయాణంలో జరిగే కసరత్తు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇప్పుడు అదే పాపకు సాక్సులు తొడగండి. వేళ్లు విచ్చుకోవడానికి చోటు లేదు, టైల్స్ మీద పట్టు లేదు. కాలు జారి మోకాలు నేలకు కొట్టుకుంటుంది. నాలుగుసార్లు జారిన తరువాత ఆ ప్రయత్నం మానేసి, ఎత్తుకోమని చేతులు చాపుతుంది. మనం మురిసిపోతూ ఎత్తుకుంటాం.

కాళ్లు కూడా కప్పేసే జంప్‌సూట్లు ఇంకా దారుణం. బిడ్డ పొడుగు పెరుగుతుంది, సూటు పెరగదు, వేళ్లు లోపలికి ముడుచుకునే ఉంటాయి. మన ఊళ్లో అలాంటి బట్టలు అవసరమయ్యే చలి డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప ఎప్పుడుందో నాకు అర్థం కాదు. అప్పుడు కూడా పాదం దగ్గర బట్ట వదులుగా ఉంటే చాలు. కాలి పట్టీల విషయం వేరు, అవి ఉంటేనే ఇల్లు కళగా ఉంటుంది. కానీ వాటి కింద మన చిటికెన వేలు సులువుగా దూరాలి, ఊడిపడే మువ్వలు ఉండకూడదు.

వట్టికాళ్ల గురించి పాశ్చాత్యులు చెబితే ఫ్యాషన్ అంటారు, నానమ్మలు చెబితే చాదస్తం అంటారు. మన పొరుగు రాష్ట్రంలో జరిగిన పని ఒకటి ఉంది. మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీకి చెందిన రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగు నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు 2,300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించారు. బూట్లు, చెప్పులు వేసుకుని తిరిగిన పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. వట్టికాళ్లతో తిరిగినవాళ్లలో 2.8 శాతం మందికే కనిపించాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వేసుకున్నవాళ్ల పరిస్థితి అన్నిటికంటే అధ్వానంగా ఉంది. అది నడిచే పిల్లల లెక్క, పాకే పిల్లలది కాదు కదా అని మా అల్లుడు పట్టుకున్నాడు. నిజమే. అయితే నడిచే పిల్లలకే బూటు మేలు చేయనప్పుడు, అడుగు కూడా వేయని బిడ్డకు అది ఏం చేస్తుందో ఆయనే చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు.

ఇక వాకర్. దీని దగ్గర నాకు సహనం తక్కువ. అందులో బిడ్డ బరువును మోసేది గుడ్డ సీటు. కాళ్లు వేలాడుతూ ఉంటాయి. మునివేళ్లతో నేలను వెనక్కి తంతే బండి ముందుకు పోతుంది. తుంటి నిలబెట్టాల్సింది ఏమీ లేదు, ఒంటిని నిలుపుకోవాల్సిన అవసరం అంతకన్నా లేదు. ముందున్న పళ్లెం అడ్డం వల్ల తన పాదాలు తనకు కనిపించవు. చూసేవాళ్లకు మాత్రం పాప నడిచేస్తోంది! ఐర్లండ్‌లో పిల్లలను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వాకర్‌లో గడిపిన సమయం మొత్తం 24 గంటలు అయిన ప్రతిసారీ సొంతంగా నడవడం సుమారు మూడు రోజులు వెనకబడింది. కాళ్ల సంగతి అలా ఉంచి, ప్రమాదాలు చూడండి. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు పదిహేను నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ల వల్ల దెబ్బలు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చారు. వాళ్లలో పదింట తొమ్మిది మందికి దెబ్బ తలకో మెడకో తగిలింది. ఎక్కువమంది మెట్ల మీద నుంచి పడినవాళ్లే. కెనడా 2004లో వీటి అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది, పాతవి అమ్ముకోవడానికి కూడా వీల్లేదు. మన దగ్గర బారసాల కానుకల్లో ఇప్పటికీ ఒకటో రెండో వస్తూనే ఉంటాయి.

పాత మూడు చక్రాల చెక్కబండిని నేను వీటితో కలపను. దాన్ని పట్టుకుని నిలబడాల్సింది బిడ్డే, తోయాల్సిందీ బిడ్డే. కాకపోతే ఈ నున్నటి టైల్స్ మీద అది బిడ్డకంటే ముందు పరుగెడుతుంది. అందులో ఒక ఇటుకో బియ్యపు మూటో పెట్టి, మనం పక్కనే ఉండాలి.

"అమ్మా, నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు లేనివాళ్లు ఏం చేయాలి?" అని మా అమ్మాయి అడిగింది. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. పొయ్యి మీద పప్పు ఉంటుంది, చెవిలో ఆఫీసు ఫోను ఉంటుంది, కింద పాకే పాప చెప్పుల స్టాండు దగ్గరకు చేరుతుంది. వాకర్ కొనేది కాళ్ల కోసమని అంటారు గానీ చాలా ఇళ్లలో అది కొంటున్నది ఒక పావుగంట ఊపిరి కోసం. దానికి నేను తప్పు పట్టను. కానీ ఆ పావుగంటను వాకర్ కాపాడదు. అది ఒక్క సెకనులో మూడడుగులు పోగలదు, మనం గరిటె దించేలోపు పాప పొయ్యి గట్టు దగ్గర ఉంటుంది. అంతకంటే హాల్లో ఒక మూల కంచె కట్టడం మేలు. మడత పెట్టుకునే కంచెలు దొరుకుతున్నాయి. వాకర్‌కంటే ఖరీదు ఎక్కువే, కానీ వాటిలో బిడ్డ దొర్లుతుంది, పాకుతుంది, కమ్మీ పట్టుకుని లేస్తుంది. కొనలేకపోతే ఒక గదిలో ప్లగ్గులు మూసి, అల్మరా గోడకు బిగించి, తలుపుకు అడ్డం పెడితే ఆ గదే కంచె. పప్పు ఉడికే సమయం వెళ్లిపోతుంది.

నేల గురించి కూడా ఒక మాట. నల్లకుంట, చిక్కడపల్లి పాత ఇళ్లలో షాబాద్ బండలు ఉండేవి. ఎంత అరిగినా కాలికి పట్టు ఇచ్చేవి. ఇప్పటి టైల్స్ మీద పొడి అరికాలే జారుతుంది, నూనె రాసిన కాలు గురించి చెప్పనక్కర్లేదు. జారకుండా ఉండే చాప లేదా మందపాటి జంపఖానా పరిస్తే సరిపోతుంది. పరుపు మీద వదిలేస్తే సరిపోదు, మెత్తటి చోట పాదం తోసుకోవడానికి ఆధారం దొరకదు. సాయంత్రం కింద గడ్డిలో కాసేపు కూర్చోబెట్టండి. గడ్డి తగలగానే మా పాప కాళ్లు రెండూ పైకెత్తేసి, కొంతసేపటికి ఒక్కో వేలూ దించి చూసింది.

ఇంతలో అభ్యంతరం వస్తుంది. మా వియ్యపురాలు మంచి మనిషి, పాప అంటే ప్రాణం. "వదినగారూ, కింద చలువ. దించితే జలుబు చేస్తుంది" అంటారు. "జలుబు నేలలోంచి రాదు వదినగారూ, మీ అబ్బాయి ఆఫీసు నుంచి మోసుకొస్తున్నాడు" అన్నాను. ఆవిడ నవ్వారు, పాపను మాత్రం దించలేదు. నేల మురికి అనేవాళ్లకు నా జవాబు వేరు. బయటి చెప్పులు గుమ్మం దగ్గరే వదిలితే సగం మురికి లోపలికి రాదు. ఫినాయిల్‌తో తుడిచిన తరువాత మంచినీళ్లతో మరోసారి తుడిచి ఆరనివ్వండి. మట్టికన్నా భయపడాల్సినవి నాణేలు, గుండీలు, బొమ్మల్లోంచి ఊడిన బటన్ బ్యాటరీలు. బ్యాటరీ మింగితే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. వాటిని చూడాలన్నా మనం కిందకు వంగాలి.

పాత పద్ధతులన్నీ మంచివని కూడా నేను అనను. కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పాపను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసే పద్ధతి నాకిష్టం. అందులో మా అమ్మ చేసిన ఒక పని ఉంది. కుడి పాదాన్ని ఎడమ చేతికి, ఎడమ పాదాన్ని కుడి చేతికి తాకించి, రెండు మోకాళ్లూ పొట్ట దాకా మడిచి వదిలేసేది. బిడ్డ నవ్వుతుంటేనే చేసేది. అది మంచిదే. కాళ్లు తిన్నగా రావాలని మోకాళ్లను నొక్కి పట్టడం, చీలమండలు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం మాత్రం ఈ రోజే ఆపాలి. నీళ్లు పోసే మనిషి ఎంత అనుభవం ఉన్నదైనా సరే. నూనెతో ఎముకకు బలం రాదు. ఆ స్నానం వల్ల కాళ్లకు వచ్చే లాభం ఇంకోటి ఉంది. నూనె ఇంకేదాకా అరగంట పాటు బిడ్డ ఒంటి మీద ఏమీ లేకుండా కాళ్లు తన్నుకుంటుంది. డైపర్ వల్ల కాళ్లు వంకర పోతాయన్న మాట నిజం కాదు. అయితే డైపర్ లేకుండా నడిచిన పిల్లల అడుగులు మెరుగ్గా పడతాయని, అంత ఎడంగా పడవని పరిశోధకులు చూశారు. కాబట్టి రోజులో కాసేపు దాన్ని విప్పేసి, తడిసిన చాప ఉతుక్కోవడం మంచి బేరం.

తుంటి గురించి ఎవరూ మాట్లాడరు, అక్కడే అసలు జాగ్రత్త కావాలి. పుట్టినప్పుడు తుంటి గిన్నె లోతు తక్కువ, తొడ ఎముక గుండు అందులో వదులుగా ఉంటుంది. కాళ్లు రెండూ తిన్నగా చాపి, కలిపి గట్టిగా చుట్టేస్తే అది పక్కకు జరిగే ప్రమాదం పెరుగుతుంది. జపాన్‌లో 1970లలో అలా చుట్టవద్దని ప్రచారం చేసిన తరువాత తుంటి జారిన పిల్లల సంఖ్య బాగా తగ్గింది. పొత్తిళ్లలో చుట్టండి, చేతుల దగ్గర ఒద్దికగా, నడుము కింద కప్పలా కాళ్లు ముడుచుకోవడానికి వీలైనంత వదులుగా. మన ఆడవాళ్లు చంకన ఎత్తుకునే తీరు, బిడ్డ తొడలు రెండూ విడివడి మన నడుమును చుట్టి ఉండటం, తుంటికి ఎంతో మంచిది. ఇక ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మనవాళ్ల నమ్మకం. అలా తన్నించుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు! ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఎదురుకాళ్లతో పుట్టిన లేదా కడుపులో చివరిదాకా అలాగే ఉన్న బిడ్డలకు తుంటి సమస్య వచ్చే అవకాశం ఎక్కువ. ఆరు వారాల వయసులో తుంటి స్కానింగ్ గురించి పిల్లల డాక్టర్ని మీరే అడగండి.

ముందే నిలబెడితే కాళ్లు వంగిపోతాయన్నది ఇంకో భయం. కాళ్లు కడుపులో ముడుచుకున్నప్పుడే వంగి ఉంటాయి. రెండేళ్లు వచ్చేసరికి తిన్నబడతాయి, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తాకేలా లోపలికి వస్తాయి, ఏడేళ్లకు సర్దుకుంటాయి. తాత తొడ మీద నిలబడి ఎగిరితే ఏమీ కాదు. ఒక్క కాలే వంగినా, రెండేళ్ల తరువాత వంపు పెరిగినా, మణికట్లు లావెక్కినా మాత్రం ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు ఉందేమో చూపించాలి. ఎండ తగలని పదో అంతస్తు పిల్లలకు ఈ ముప్పు ఉంది. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు. కాళ్ల కోసం నిజంగా కొనాల్సినది ఏదైనా ఉంటే ఆ చిన్న సీసానే.

లిఫ్టులో కలిసినవాళ్లంతా "ఇంకా నడవలేదా?" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో పిల్లలను పరిశీలించి 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు దోగాడనే లేదు. ఎనిమిదో నెలలో నడిచిన పాప పదహారో నెలలో నడిచిన పాపకంటే తెలివైనదని ఎవరూ చూపలేదు. మన పాతవాళ్లకు ఈ తొందర లేదు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు. ప్రతి మజిలీకీ ఒక వంట ఉండేది. ఇప్పుడు అరిసెలు మాత్రమే మిగిలాయి, అవీ స్వీటు షాపులో ఆర్డరు ఇచ్చి ఫొటో కోసం పరుస్తున్నారు. బోర్లా పడిన రోజు ఎవరికీ గుర్తుండదు. రెండు మూడు నెలల బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు, మనం చూస్తుండగా, కాసేపు బోర్లా వేయడంతోనే కాళ్ల కథ మొదలవుతుంది. నిద్రకు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత తెరుచుకోకపోవడం, ఒక కాలు పొట్టిగా కనిపించడం, ఎప్పుడూ ఒక కాలినే ఈడ్చి పాకడం, కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం, పద్దెనిమిది నెలలకూ నడవకపోవడం. వీటికి లిఫ్టులోని సలహా పనికిరాదు. పాదం లోపలికి మెలిపడి పుడితే మొదటి వారాల్లోనే వెళ్లాలి. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇగ్నాసియో పోన్సెటి రూపొందించిన పద్ధతిలో వారం వారం ప్లాస్టర్ కట్టు మార్చుతూ పాదాన్ని నెమ్మదిగా సరైన స్థితికి తెస్తారు. తరువాత నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రలో పాదాలను ఆ స్థితిలోనే పట్టి ఉంచే బ్రేసు వేయాలి. అక్కడే చాలామంది విసిగి మానేస్తారు, పాదం మళ్లీ తిరుగుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద ఈ వంకర పాదమూ తుంటి లోపమూ రెండూ పరీక్షించాల్సిన జాబితాలో ఉన్నాయి. అంగన్‌వాడీ ద్వారా అయినా అడగవచ్చు.

నడక వచ్చిన తరువాత బయటకు చెప్పులు కొనక తప్పదు. మన రోడ్ల మీద మేకులు, గాజు పెంకులు, ఏప్రిల్‌లో కాలే తారు ఉంటాయి. చేత్తో పట్టుకుని మడిస్తే మడతపడే అట్ట, వేళ్ల దగ్గర వెడల్పు, ముందు మన బొటనవేలు వెడల్పు ఖాళీ, మడమ పైకి ఎత్తు లేకుండా. సాయంత్రం పూట, పాపను నిలబెట్టి కొలవాలి. రెండు మూడు నెలలకొకసారి మళ్లీ కొలవాలి, అన్నకు పొట్టివైనవి చెల్లికి తొడగకూడదు. అడుగేస్తే కీచుమనే చెప్పులు ఒక జత మా వియ్యపురాలు ముందుగానే తెచ్చి పెట్టారు. వాటి అట్ట మడవబోతే నా వేళ్లే నొప్పి పుట్టాయి. ఆ చప్పుడు వినాలని ఆవిడకు ఎంత ముచ్చటో నాకు తెలుసు. ఉగాదికి తొడిగించి ఒక్క ఫొటో తీసుకుని విప్పేద్దామని మా అమ్మాయి రాజీ కుదిర్చింది. గుడి దాకా వేసుకుని వెళ్లాలని ఆవిడ, గుమ్మం దాకా చాలని నేను. ఇంకా తేలలేదు.